తోమిన రాగి

అక్టోబరు 23, గురువారం

పదో తరగతి పరీక్షల తరవాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే. పచారీ చీటీలు రాయడానికి తప్ప పెన్ను పట్టింది లేదు. ఇవాళ పొద్దున దీపం పెట్టి కూర్చుంటే స్తోత్రం సాగలేదు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మధ్యలో ఆగిపోయాను. మనసులో ఉన్నది ఎక్కడో ఒకచోట దించుకుంటే గాని పూజ చేయలేననిపించింది. మావారితో చెప్పలేను. పెడనలో అక్కకి చెబితే సాయంత్రానికి చుట్టాలందరికీ తెలుస్తుంది. అందుకని ఈ డైరీ తీశాను. విజయవాడలో మా సరుకు కొనే షాపువాళ్ళు ఎప్పుడో ఇచ్చింది. అట్ట మీద లక్ష్మీదేవి ఉంది. లోపల ఒక్క పేజీ వాడలేదు.

నిన్న జరిగింది రాస్తాను.

గుడివాడ నుంచి దైవాధీనంగారు వచ్చారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకీ మావారికీ ఒకటే పిచ్చి, పాత రాగి నాణేలు. చిలకలపూడిలో మాకు రోల్డుగోల్డు షెడ్డు ఉంది. గాజులకీ గొలుసులకీ రాగి తుక్కు కిలోల లెక్కన కొంటాం. ఆ తుక్కులో పాత బిళ్ళ కనిపిస్తే కరిగించకుండా ఏరి పక్కన పెట్టడం మావారికి ముప్పై ఏళ్ళ అలవాటు. ఈస్టిండియా కుంపినీ వాళ్ళ బిళ్ళలు నలభై ఉన్నాయి. నలభై ఎనిమిదికి ఒక రూపాయి అని వాటి మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. వాటన్నిటి కన్నా పైన ఒక అమెరికా సెంటు. 1794ది. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ, భుజం వెనక ఒక కర్ర, ఆ కర్ర చివర టోపీ. ఏ ఓడలో వచ్చి ఏ చిల్లుబిందెతో పాటు మా తుక్కులో పడిందో తెలియదు. దైవాధీనంగారు దాన్ని అమెరికా పంపించి, ఎంత బాగుందో గ్రేడు వేయించి, గాజు పెట్టెలాంటి దాంట్లో సీలు చేయించి తెప్పిస్తానన్నారు. నిన్న దాని కోసమే వచ్చారు.

మావారు బీరువాలోంచి కవరు తెచ్చి, విప్పి అరచేతిలోకి వంచారు. బిళ్ళ కొత్త రాగి చెంబులా ధగధగా మెరిసింది.

దైవాధీనంగారు భూతద్దం పెట్టి చూశారు. అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. తరవాత నవ్వారు.

"ప్రభాకర్ గారూ, మీ చిలకలపూడి వైద్యం దీనిక్కూడా చేశారేంటండీ? ఎలాగూ చేశారు, గిల్టు కూడా వేయించి కొక్కెం తగిలించేస్తే మా ఆవిడ చెవికి పెట్టుకునేది."

మావారు మిగతా కవర్లన్నీ విప్పారు. నలభై ఒక్క బిళ్ళలూ మెరుస్తున్నాయి.

"ఎవరు ముట్టుకున్నారు?" అన్నారు.

ఆ సమయానికి చిట్టెమ్మ పెరట్లో కూర్చుని నా పూజ సామాను తోముతోంది. చేతులనిండా చింతపండు. పదకొండేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తోంది. గిలకలదిండి నుంచి వస్తుంది. పొద్దున్నే రేవులో చేపలు అమ్ముకుని, ఆ తరవాత మా వీధిలో ఐదిళ్ళు చేసుకుంటుంది. మావారు పెరటి గుమ్మంలో నిలబడి ఆ చేతులు చూశారు.

"నాకేం తెలుసు అయ్యగారూ? ఆ బీరువా దరిదాపులకి నేనెప్పుడన్నా వెళ్ళానా?" అంది.

అని నా వైపు చూసింది.

"పోనీలే చిట్టెమ్మా, తెలియక చేసుంటావు. దేవుడి సామాననుకుని ఉంటావు" అన్నాను.

మెల్లిగానే అన్నాను. నేనెప్పుడూ మెల్లిగానే మాట్లాడతాను.

అక్కడికక్కడే చేతులు కడుక్కుని వెళ్ళిపొమ్మన్నారు మావారు.

తోమింది నేనే.


అక్టోబరు 24, శుక్రవారం

పూజ సామాను నేనే తోముకున్నాను. నడుం పట్టేసింది. పూజ బాగా జరిగింది.


అక్టోబరు 25, శనివారం, నాగుల చవితి

పుట్టలో పాలు పోసి వచ్చాను. చలిమిడి కుదిరింది.

ఎందుకు తోమానో కూడా రాయాలి. ధనత్రయోదశి కదా అని తోమాను. రాగికి కిలుం పడితే ఇంటికి మంచిది కాదని మా అమ్మ అనేది. లక్ష్మీదేవి ముందు పెట్టే డబ్బు నల్లగా ఉంటే బాగుంటుందా? చింతపండులో కాస్త ఉప్పు వేసి తోమాను. భక్తితో చేసిన పని. దాంట్లో చెడు ఏమీ లేదు.

మావారు ముందే చెప్పిన మాట నిజమే. "ఆ రంగు రెండొందల ముప్పై ఏళ్ళు గాలి తాగి తాగి వచ్చింది. తోమితే పోతుంది. పోయాక దేవుడు దిగొచ్చినా మళ్ళీ రాదు. ఎన్ని దొరుకుతాయన్నది సగం విలువ, ఎలా ఉందన్నది సగం విలువ" అంటారు. వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. నేను మరిచిపోయాను.

నిన్న సాయంత్రం మావారు మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, పనివాళ్ళతో జాగ్రత్త, బీరువాలకి తాళాలు వేసుకోండి అని. పేరు రాయలేదు. రాయకపోయినా అందరికీ తెలిసింది. మిగతా నాలుగిళ్ళ వాళ్ళూ చిట్టెమ్మని మానిపించేశారు. నేను పెట్టమనలేదు. చూసి ఒక దండం బొమ్మ పెట్టాను, అంతే.


అక్టోబరు 28, మంగళవారం

తుఫాను. పొద్దున్నుంచి కరెంటు లేదు. గిలకలదిండి వాళ్ళని బడికి తరలిస్తున్నామని మైకులో చెప్పుకుంటూ వెళ్ళారు.

ఎప్పుడు తుఫాను వచ్చినా చిట్టెమ్మ, కూతురు హారికా మా వెనక వరండాలో ఉండేవాళ్ళు. నేను ఉప్మా చేసి పెట్టేదాన్ని. హారిక అక్కడే కూర్చుని నర్సింగు పుస్తకాలు చదువుకునేది.

మధ్యాహ్నం కిటికీ లోంచి చూశాను. ఇద్దరూ ఒకే ప్లాస్టిక్ పట్టా నెత్తిన కప్పుకుని మా గేటు ముందు నుంచే వెళ్ళారు. హారిక ఆగింది. చిట్టెమ్మ దాని మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

పిలుద్దామనుకున్నాను. ఆ గాలిలో వినబడదు.

అందరూ క్షేమంగా ఉండాలని విష్ణు సహస్రనామం రెండుసార్లు చదివాను.


అక్టోబరు 31, శుక్రవారం

చిట్టెమ్మ వచ్చింది. మావారు షెడ్డుకి వెళ్ళాక వచ్చింది. ఎక్కడో నిలబడి ఆయన బండి వెళ్ళడం చూసి ఉంటుంది.

"రా చిట్టెమ్మా, కూర్చో" అన్నాను.

"కూర్చోనమ్మగారూ. మళ్ళీ ఏదన్నా మెరిసిందంటే నా మీద పడద్ది."

తనే అంది.

"ఈ ఇంట్లో తిరిగేది ముగ్గురం. అయ్యగారు తోముకోరు. నేను తోమలేదు. నాకు లెక్కలు రావుగానీ, ఈ లెక్క వచ్చు."

"అలా అనకు చిట్టెమ్మా."

"నేనేం అన్నాను? అన్నది మీరు. తిట్టుంటే తుడుచుకుని పోయేదాన్ని. కొట్టుంటే వీధిలో నిలబడి అరిచేదాన్ని. మీరేమో అందరి ముందూ క్షమించేశారు. మీరంతటి మనిషి క్షమించేశాక ఇంక నేనేం చెప్పుకోను? ఎవరు నమ్ముతారు?"

ఆ మాటలు అన్నప్పుడు ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఐదిళ్ళూ పోయినై. రేవులో కూడా నవ్వుతున్నారు. చిట్టెమ్మ దగ్గర చేప కొంటే తోమి మరీ ఇస్తదంట అని. నాకది కాదమ్మగారూ. హారికకి గుడివాడలో పని కుదిరేలా ఉంది. డాక్టరుగారింట్లో పెద్దావిడని చూసుకోవాలి, ఉండటానికి గది కూడా ఇస్తారంట. తల్లి దొంగచేతి మనిషని తెలిస్తే ఎవరు పెట్టుకుంటారు? మీరొక్క మాట అనండి. చిట్టెమ్మ కాదు అనండి. ఎవరో చెప్పొద్దు. ఎవరని నేను అడగను, ఎప్పుడూ అడగను. కాదు అంటే చాలు."

లోపలికి వెళ్ళి నీళ్ళు తాగాను. కార్తీక మాసం కదా, ఊరికే పంపకూడదని జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్ళు తెచ్చి ఇచ్చాను.

చిట్టెమ్మ వాటి వైపు చూసింది. తీసుకోలేదు. వాటిని గేటు దిమ్మ మీద పెట్టించింది నా చేతే.

"సోమవారం సాయంత్రం మన శివాలయం దగ్గర కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తాను. మా పేటలో మాట పడ్డవాళ్ళు చేసేది అదే. మీరూ రండి. మీరూ ఆర్పండి" అంది.

ఇంతకాలం ఉప్పు తిన్న మనిషికి నా మీద ఇంత పగ ఎందుకో.


నవంబరు 1, శనివారం

చిలకలపూడి పాండురంగస్వామి దగ్గరికి వెళ్ళాను. జనం బాగా ఉన్నారు. అక్కడ ఎవరి చేత్తో వాళ్ళే స్వామి పాదాలు పట్టుకోవచ్చు. నేను పట్టుకుని మొత్తం చెప్పాను. వెనకవాళ్ళు నెడుతున్నా వదలకుండా చెప్పాను.

స్వామికి చెప్పేశాను కాబట్టి ఇంక ఇది దాచినట్టు కాదు. బయటికొచ్చాక ఒళ్ళు తేలికైంది. అరటిపళ్ళు పంచాను.


నవంబరు 3, సోమవారం

కార్తీక సోమవారం. శివాలయంలో దీపాలు పెట్టే వేళకి మా వీధి ఆడవాళ్ళందరూ ఉన్నారు. మావారు రానన్నారు. "పనివాళ్ళ నాటకాలకి నేనెందుకు? నువ్వు కూడా వెళ్ళకు" అన్నారు. వెళ్ళకపోతే ఏమనుకుంటారోనని వెళ్ళాను. తెల్ల అంచు నీలం చీర కట్టుకున్నాను.

చిట్టెమ్మ తలంటుకుని తడి జుట్టుతో వచ్చింది. పక్కన హారిక. మెట్ల మీద ఇత్తడి పళ్ళెం పెట్టి, కర్పూరం గుప్పెడు పోసి వెలిగించింది. అంత ఎందుకు పోసిందో. రెండు బిళ్ళలు చాలు.

"అయ్యగారి రాగి బిళ్ళలు నేను ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే నేను రేపటి రేవు చూడకూడదు" అని, అరచెయ్యి మంట మీద పెట్టి నొక్కింది.

కర్పూరం ఎక్కువైంది కదా, ఆరలేదు. తను చెయ్యి తియ్యలేదు. హారిక "అమ్మా" అని అరిచింది. అప్పటికి ఆరింది.

చిట్టెమ్మ నా వైపు తిరిగి, "ఇప్పుడు అమ్మగారు" అంది.

అందరూ నన్నే చూశారు. మెట్ల దగ్గరికి వెళ్ళాను. నా పళ్ళెంలో ఒక్క కర్పూరం బిళ్ళ పెట్టుకుని వెలిగించాను. కళ్ళు మూసుకుంటే మాటలు వాటంతట అవే వచ్చాయి.

"స్వామీ, చిట్టెమ్మ మీద నా మనసులో ఏ కోపమూ లేదు. తను, తన బిడ్డ చల్లగా ఉండాలి. ఇది నిజం."

హారతి కళ్ళకద్దుకున్నాను.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. నాకు నిజంగానే కోపం లేదు.

ఎదురింటావిడ కళ్ళు తుడుచుకుంది. "ఎంత మనసండీ మీది! ఇంకొకళ్ళయితే పోలీసుల దాకా వెళ్ళేవాళ్ళు" అంది. తరవాత చిట్టెమ్మ చెయ్యి చూసి, "అదిగో చూడండి, చెయ్యి ఎలా కాలిపోయిందో. సత్యం ఉంటే కాలుతుందా?" అంది. ఇంకొకావిడ అవునంది. ఆ మాట మెట్ల మీద నుంచి గుడి బయటి దాకా వెళ్ళింది.

చిట్టెమ్మ నవ్వింది. ఆ చెయ్యి అలాగే పైకెత్తి పట్టుకుని నవ్వింది.

"అమ్మగారూ, మీరు ఆర్పలేదు. కళ్ళకద్దుకున్నారు."

"హారతి కళ్ళకే కదా అద్దుకుంటారు చిట్టెమ్మా" అన్నాను.


నవంబరు 4, మంగళవారం

కాలిన పుండ్లకి రాసే మందు కొని, గిలకలదిండి వెళ్ళే ఆటోవాడితో పంపించాను. సాయంత్రానికి గేటు దిమ్మ మీద ఉంది. మూత కూడా తియ్యలేదు.

ఇంట్లో ఉంటే ఎప్పుడైనా పనికొస్తుంది.


నవంబరు 5, బుధవారం, పౌర్ణమి

మూడు వందల అరవై ఐదు వత్తులు వెలిగించాను. మంగినపూడి సముద్రస్నానానికి రమ్మని ఎదురింటావిడ పిలిచింది. దారి గిలకలదిండి మీదుగా కాదు. అయినా వెళ్ళలేదు.


నవంబరు 9, ఆదివారం

ఇవాళ ఎక్కువ రాయాలి.

మధ్యాహ్నం భోజనానికి ముందు మావారు పిలిచారు. "ప్రసన్నా, ఇలా వచ్చి కూర్చో" అన్నారు. బల్ల మీద ఆ అమెరికా బిళ్ళ. భూతద్దం నా చేతికిచ్చారు. ముప్పై ఏళ్ళలో ఆ భూతద్దం నన్ను పట్టుకోనివ్వడం ఇదే మొదలు.

"ఏం కనిపిస్తోంది?"

"గీతలు."

"ఎటు ఉన్నాయి?"

"అన్నీ ఒకవైపే."

"చింతపండు పీచుతో తోమితే గుండ్రంగా పడతాయి గీతలు. చెయ్యి తిరుగుతుంది కదా. ఇవి అలా కాదు. కుంకుడు రసంలో ముంచి, ఇత్తడి బ్రష్షుతో, మణికట్టు కదలకుండా లాగితేనే ఇలా వస్తాయి. పెళ్ళైన కొత్తలో షెడ్డులో గాజులకి నువ్వే లాగేదానివి. నీ అంత నున్నగా ఇప్పటికీ మా వాళ్ళెవరూ లాగలేరు. చిట్టెమ్మ ఏనాడైనా ఆ బ్రష్షు పట్టుకుందా?"

ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"దైవాధీనం అద్దం పెట్టి చూసి నవ్వాడు చూడు, అప్పుడు నేనూ చూశాను."

"అంటే, చిట్టెమ్మ దగ్గరికి వెళ్ళే ముందే..."

"ముందే."

"మరి ఎందుకండీ?"

మావారు బిళ్ళని కవర్లో పెట్టి, ఎప్పటిలాగే అంచులు మడిచారు.

"పనిమనిషి తోమిందంటే, అయ్యో ఖర్మ అంటారు. పెళ్ళాం తోమిందంటే, ఎందుకు తోమిందని అడుగుతారు."

ఆయన మాత్రం అడగలేదు. "కొత్త మనిషిని చూసుకో. చిట్టెమ్మని మళ్ళీ గడప తొక్కనివ్వకు. తొక్కనిస్తే మనం ఒప్పుకున్నట్టే" అని లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

ఆయన అడగలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటాను.

ధనత్రయోదశికి తోమానని రాశాను. ఆ రోజు కాదు, ముందు రోజు. చింతపండు అని రాశాను. మొదట చింతపండే. తరవాత కుంకుడు రసం, బ్రష్షు. మరిచిపోయానని కూడా రాశాను. మరిచిపోలేదు.

దానికి అయిదారు రోజుల ముందు దైవాధీనంగారు మొదటిసారి బిళ్ళ చూడ్డానికి వచ్చారు. వాళ్ళిద్దరూ హాల్లో కూర్చుని, ఈ అమ్మాయి జుట్టు పోగులు ఎన్ని కనిపిస్తున్నాయి, చెంప మీద గీత ఉందా లేదా అని గంటసేపు దాన్ని పట్టుకుని మురిశారు. నేను కాఫీ తెచ్చాను. దైవాధీనంగారు సరదాకి, "మరి మా చెల్లెమ్మ గ్రేడు ఎంతండీ?" అన్నారు. మావారు నన్ను పైనుంచి కిందికి చూశారు. బిళ్ళని చూసినట్టే చూశారు.

"సాధారణ రకం. ఎక్కడైనా దొరుకుతుంది. బొమ్మ మొత్తం అరిగిపోయింది. కాకపోతే దెబ్బలు లేవు, చిల్లు లేదు. ఉంచుకోవచ్చు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. చక్కెర సరిపోయిందా అన్నయ్యగారూ అని కూడా అడిగాను.

మాకు పిల్లల్లేరు. ఆ రోజు దాకా అందులో ఎవరి తప్పూ లేదనుకునేదాన్ని.

ధనత్రయోదశి ముందటి శుక్రవారం మావారు విజయవాడ వెళ్ళినప్పుడు, ముందు ఆ జుట్టు విరబోసుకున్నదాన్నే తీశాను. లలితా సహస్రనామం చదువుకుంటూ లాగాను. నామానికి ఒక లాగుడు. నూరు నామాలయ్యేసరికి జుట్టు పోగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. మిగతా నలభై కూడా తీశాను. వాటి మీద నాకు ఏ కోపమూ లేదు. చెయ్యి వేడెక్కింది, అంతే. పెళ్ళైన కొత్తలో షెడ్డులో ఉన్నట్టే ఉంది. అంత ప్రశాంతంగా ఎన్నేళ్ళ నుంచో నేను కూర్చోలేదు.

ఇప్పుడు మా ఇద్దరికీ తెలుసు. ఒకళ్ళకి తెలుసని ఇంకొకళ్ళకి తెలుసు.

భోజనం దగ్గర పప్పు బాగుందన్నారు. చాలా ఏళ్ళయింది ఆయన ఆ మాట అని.


నవంబరు 14, శుక్రవారం

గుడివాడ నుంచి ఆ డాక్టరుగారి భార్య ఫోన్ చేశారు. నా నంబరు హారికే ఇచ్చిందట. తెలిసిన ఇళ్ళ పేర్లు అడిగితే నా పేరే చెప్పిందట. ఎందుకు చెప్పింది? ఏ నమ్మకంతో చెప్పింది?

"అమ్మాయి ఎలాంటిదండీ? మా అత్తగారి దగ్గర వదిలేసి వెళ్ళాలి. ఆవిడ ఒంటి మీద బంగారం ఉంటుంది" అన్నారు.

"అమ్మాయి చాలా మంచిదండీ" అన్నాను.

"వాళ్ళ అమ్మ మీ ఇంట్లోనే చేసేదట కదా? ఏదో విన్నాం..."

చిట్టెమ్మ కాదు. రెండే మాటలు. నాలుక చివర దాకా వచ్చాయి. మావారు హాల్లో పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పడం ఆపారు.

"జరిగిందేదో జరిగిందండీ. నేను మనసులో పెట్టుకోలేదు. అమ్మాయి మాత్రం మంచిది, పాపం" అన్నాను.

"అర్థమైందండీ. థ్యాంక్సండీ" అని పెట్టేశారు.

మావారు పేజీ తిప్పారు.


నవంబరు 16, ఆదివారం

హారిక ఫోన్ చేసింది.

"అమ్మ చెయ్యి చీము పట్టిందండీ. షుగరు కదా, మానట్లేదు. ఉప్పునీళ్ళు తగిలితే అల్లాడిపోతోంది. చేప ముట్టుకోలేకపోతోంది. గురువారం నాగాయలంక వెళ్ళిపోతున్నాం, మావయ్య దగ్గరికి. ఆ గుడివాడ పని రాలేదు. మీరేం చెప్పారండీ వాళ్ళకి?"

"మంచి అమ్మాయివనే చెప్పానమ్మా. ఒట్టు."

"అదే చెప్పారంట. మంచిదేగాని పాపం అన్నారంట. ఆ పాపం ఎందుకండీ? నేనేం చేశానని?"

"ఊరికే అన్న మాటమ్మా అది."

"మీరు తిడితే బాగుండేదండీ" అని పెట్టేసింది. తల్లీ కూతురూ ఒకేలా మాట్లాడతారు.


నవంబరు 18, మంగళవారం

కొత్త మనిషి దొరికింది. గిన్నెలు సరిగా తోమదు.


నవంబరు 21, శుక్రవారం, పోలి పాడ్యమి

నిన్న బస్టాండుకి వెళ్ళాను.

వెళ్ళే ముందు ఒక చీటీ రాశాను. 'తోమింది చిట్టెమ్మ కాదు, నేను' అని రాసి, కింద నా పేరు మొత్తం రాసి, పర్సులో పెట్టుకున్నాను. చేతికిచ్చి వచ్చేద్దామనుకున్నాను. చదివించుకుంటుంది, ఎవరికి చూపించుకోవాలో వాళ్ళకి చూపించుకుంటుంది. నిజంగానే ఇద్దామనుకున్నాను. దారిలో తింటారని పులిహోర కూడా చేసి పొట్లం కట్టాను.

నాగాయలంక వైపు వెళ్ళే అవనిగడ్డ బస్సు పక్కన ఉన్నారు. చిట్టెమ్మ కుడిచెయ్యి మణికట్టు దాకా గుడ్డ చుట్టి ఉంది. ఎడమచేత్తో మూట ఎత్తలేక అవస్థ పడుతోంది. హారిక లోపల సీటు పట్టుకుంటోంది. నన్ను చూసి చిట్టెమ్మ మూట కింద పెట్టేసింది.

ఎదురొచ్చింది. ఆ మొహంలో ఏం కనిపించిందో రాయలేను. ఎన్ని రోజుల నుంచో దీని కోసమే చూస్తున్నట్టు వచ్చింది.

"చెప్పడానికొచ్చారా అమ్మగారూ?" అంది. గట్టిగా కాదు. నాలాగే మెల్లిగా అంది.

పర్సు తెరిచాను. చీటీ వేళ్ళకి తగిలింది. బస్సులో కిటికీ పక్కన మా వీధి చివరింటి వాళ్ళ కోడలు కూర్చుని ఉంది, పుట్టింటికి వెళుతోంది కాబోలు. నన్ను చూసి నవ్వి దండం పెట్టింది. ఆ శివాలయంలో ఏడ్చిన వాళ్ళలో ఆ అమ్మాయి కూడా ఉంది.

పర్సు మూసి, సంచీలోంచి పులిహోర పొట్లం తీశాను.

"దారిలో తినండి" అన్నాను.

చిట్టెమ్మ ఆ పొట్లం వైపు చాలాసేపు చూసింది. బస్సు హారన్ కొట్టింది.

"నేను అడిగింది ఇది కాదమ్మగారూ" అని, కట్టు కట్టిన చేత్తోనే మూట ఎత్తుకుంది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎక్కేసింది. ఇంక ఇటు చూడలేదు. బస్సు వెళ్ళిందాకా నిలబడి, పొట్లం ఒక ముసలాయనకిచ్చి ఇంటికొచ్చాను.

చీటీ చింపేశాను. విడి కాగితం ఎక్కడ పడుతుందో చెప్పలేం.

ఇవాళ తెల్లవారుజామున కాలవలో అరటిదొప్పల దీపాలు వదిలాం. నాది ఎక్కడా ఆగకుండా బాగా దూరం వెళ్ళింది. ఎదురింటావిడ చూసి, "మీ మనసు లాగే" అంది.

మా అక్కకి చెప్పి ఉంచాను, నా తరవాత నా ట్రంకుపెట్టె తనే తెరవాలని. అక్కా, నువ్వు ఇక్కడి దాకా చదివితే ఒక్కటే అడుగుతాను. ఇది చింపొద్దు, కాల్చొద్దు. నిజం రాసి ఉన్న చోటు భూమ్మీద ఒకటి ఉందన్న ధైర్యం నాకు ఉండాలి. గుడ్డలో చుట్టి దాచు. ఎవరికీ చూపించకు. చిట్టెమ్మ బతికున్నన్నాళ్ళూ అసలే వద్దు. తను పోయాక చూపించి ప్రయోజనం లేదు.